తోడు వెళ్లడమంటే

మా ఊళ్లో ఎవరికైనా జబ్బు ముదిరితే పెద్దలు మొదట అడిగే మాట "ఏం జబ్బు?" అని కాదు, "తోడు ఎవరు వెళ్తారు?" అని. డోలీ కట్టే రోజుల నుంచి వస్తున్న ప్రశ్న ఇది. డోలీ మోయడానికి ఇద్దరు కావాలి. భుజం మార్చుకోవడానికి మరో ఇద్దరు కావాలి. ముందు దారి చూసేవాడు ఒకడు, వెనక అన్నం మూటా దుప్పటీ పట్టుకొని నడిచే ఆడమనిషి ఒకరు. జబ్బు ఒక్కరిదే అయినా ప్రయాణం ఊరందరిదీ.

ఇప్పుడు చాలా ఊళ్లకు రోడ్డు పడింది. పడని ఊళ్లలో డోలీ ఇంకా ఉంది. రోడ్డు పడిన చోట కూడా ఆ పాత ప్రశ్న పోలేదు, దాని అర్థం మాత్రం మారింది. ఇప్పుడు కావలసింది భుజబలం ఉన్నవాడు కాదు. ఫోను ఉన్నవాడు కావాలి. తెలుగు తడబడకుండా మాట్లాడేవాడు, ఏ కిటికీ దగ్గర ఓపీ చీటీ రాయించాలో తెలిసినవాడు కావాలి. అంటే ఊరి టీచరు, లేదా ఇంటరో డిగ్రీయో చదివి ఇంటి దగ్గరున్న కుర్రాడు. ఈ పుస్తకం చదువుతున్న మీరూ, రాస్తున్న నేనూ.

ఇరవై ఏళ్ల ఉద్యోగంలో జ్వరాలకు, కాన్పులకు, పాముకాట్లకు, కంటి ఆపరేషన్లకు ఎంతోమందికి తోడు వెళ్లాను. అందులో నాకు కొంత గర్వం కూడా ఉండేది. తోడు వెళ్లడమంటే ఏమిటో నాకు బాగా తెలుసనుకునేవాణ్ణి. తెలియదని మా మేనత్త విషయంలో తెలిసింది.

అత్తకు నడుం నొప్పి, పొత్తికడుపు నొప్పి అని తమ్ముడు ఫోను చేసేసరికే మూడు నెలలైంది. దిసారి వచ్చి లెక్క చూసి మొక్కు తీర్చమన్నాడు. కోడినిచ్చి తీర్చారు. సంతలో సూది వేసే ఆయన రెండు వారాలు సూదులు వేశాడు. నొప్పి తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చింది. సంక్రాంతి సెలవులకు వెళ్లిన నేను ఆ రెండు వైద్యాలనూ తప్పుపట్టాను. ఊరి పైన సిగ్నల్ దొరికే బండ ఎక్కి మైదానంలోని ఒక ఆసుపత్రికి ఫోను చేశాను. "ఏ డాక్టరు గారు కావాలండీ?" అని అవతల అమ్మాయి అడిగింది. "కడుపు నొప్పండీ" అన్నాను. "గ్యాస్ట్రో డాక్టరు గారికి రాస్తున్నాను, బుధవారం పదిన్నరకు రండి" అంది. బండ దిగి వచ్చి "అపాయింట్‌మెంట్ దొరికింది" అని చెబితే ఇంట్లో అందరూ నా వంక గొప్పగా చూశారు. నాకూ గొప్పగానే అనిపించింది.

బుధవారం పదిన్నర అంటే మాకు మంగళవారం మధ్యాహ్నమే. ఆరు కిలోమీటర్లు నడక, తర్వాత జీపు, తర్వాత ఘాట్ మీదుగా బస్సు. అత్తకు బస్సు పడదు, దారి పొడుగునా వాంతులు. రాత్రి బస్టాండులో పడుకున్నాం. పొద్దున్నే వెళ్లి కూర్చుంటే పన్నెండున్నరకు పేరు పిలిచారు. లోపల డాక్టరు గారు మర్యాదగానే మాట్లాడారు. ఎన్నాళ్ల నుంచి అని అడిగారు. మూడు నెలల నుంచి అన్నాను. తింటోందా అన్నారు. తింటోందండి అన్నాను. ప్రతి ప్రశ్నకూ అత్త నా మొహం చూసింది, ప్రతి ప్రశ్నకూ నేనే జవాబు చెప్పాను. చివరికి ఆయన ఆమె వైపు తిరిగి "ఇంకేమైనా ఇబ్బంది ఉందా అమ్మా?" అని అడిగారు. అత్త మళ్లీ నా మొహం చూసింది. నేను "ఏమీ లేదండి" అన్నాను.

స్కానింగు రాశారు, మందులు రాశారు. వచ్చేశాం. మందులు వాడింది. నాలుగు నెలల తర్వాత ఆశా కార్యకర్త వేరే పని మీద మా ఊరు వచ్చి, అత్త ఇంటి అరుగు మీద కూర్చొని చోళ్లు చెరుగుతూ మాటల్లో ఉండగా అసలు సంగతి బయటపడింది. నెలసరి ఆగిపోయి ఎనిమిదేళ్లయిన మనిషికి మళ్లీ రక్తం పోతోంది. నేను ఫోను చేసిన నాటికే పోతోంది. ఆశా ఆమెను ఏఎన్ఎం దగ్గరికి తీసుకెళ్లింది. ఏఎన్ఎం ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని డాక్టరమ్మకు చూపించింది. ఆమె చీటీ రాసి పెద్దాసుపత్రిలో స్త్రీల విభాగానికి పంపింది. గర్భాశయ ముఖద్వారంలో క్యాన్సర్ అని తేలింది. అప్పటికే ముదిరింది. కరెంటు పెట్టించాం. అత్త ఆ ఏడు ఇటుకల పండుగ చూసింది, పై ఏడు చూడలేదు.

మంచం పట్టాక ఒకరోజు అడిగాను. "అత్తా, ఆ రోజు డాక్టరు అడిగినప్పుడు ఎందుకు చెప్పలేదు?" మా కువి మాటలో ఆమె అన్నదాన్ని తెలుగులో చెబితే ఇంతే: "నువ్వే చెప్పేశావు కదా, ఏమీ లేదని."

ఆ మాటలో కోపం లేదు. నన్ను తప్పుపట్టినట్టు కూడా లేదు. అందుకే అది నన్ను వదలలేదు. ఇక్కడ ఎవరి తప్పు ఎంత అన్నది అప్పటి నుంచీ ఆలోచిస్తున్నాను.

తేలికగా చెప్పే జవాబు ఒకటుంది. "మన ఆదివాసీలకు అవగాహన లేదు." సమావేశాల్లో ఈ మాట వినని రోజు లేదు. నేనూ ఎన్నోసార్లు అన్నాను. కానీ మా అత్తకు అవగాహన లేదా? తన ఒంట్లో జరుగుతున్నది మామూలు కాదని ఆమెకు మొదటి రోజే తెలుసు. ఎవరికి చెప్పాలో కూడా తెలుసు, ఆడమనిషికి చెప్పాలి. ఆశా పక్కన కూర్చోగానే చెప్పింది. కడుపు నొప్పి అంటే ఒకే రకం డాక్టరు అనుకున్నది నేను. మేనల్లుడి ముందు మేనత్త చెప్పలేని మాటలు ఉంటాయని గుర్తుకు రానిదీ నాకే. అవగాహన లేనిది చదువుకున్నవాడికి. లేదన్న పేరు మాత్రం చదువు లేనివాళ్ల మీద పడుతుంది.

"ముందే ఎందుకు తీసుకురాలేదు?" అనేది రెండో మాట. ఆసుపత్రిలో మనవాళ్లు ఎక్కువగా వినే ప్రశ్న ఇదే. అడిగేవాళ్లది చెడ్డ ఉద్దేశం కాదు, ఆలస్యం చూసి వాళ్లకూ బాధ కలుగుతుంది. కానీ ఆ ప్రశ్నలో ఒక తీర్పు దాగి ఉంది. సరైన సమయానికి సరైన చోటికి చేరడం రోగి బాధ్యత, చేరలేకపోతే అది రోగి తప్పు అని. ఇది న్యాయమేనా?

అపాయింట్‌మెంట్ అనేది ఒక మనిషి నుంచి ఏమేమి కోరుతుందో చూడండి. ఫోను, సిగ్నల్ కావాలి. ఇప్పుడు కొన్ని ప్రభుత్వ ఆసుపత్రుల్లో గోడ మీది గుర్తును ఫోనుతో స్కాన్ చేస్తే ఆభా ఖాతా ద్వారా ఓపీ టోకెన్ వస్తుంది. మంచిదే, వరస తగ్గుతుంది. కానీ దానికి స్మార్టు ఫోను, 14 అంకెల ఆభా సంఖ్య, ఆధార్‌కు కలిపిన ఫోను నంబరు కావాలి. గడియారం చూసి బతికే బతుకు కావాలి. పదిన్నర అంటే పదిన్నరకు చేర్చే బస్సు కావాలి. అన్నిటికన్నా కష్టమైనది, జబ్బు ఏమిటో డాక్టరు చెప్పకముందే ఏ విభాగానికి వెళ్లాలో మనమే చెప్పాలి. గైనకాలజీ, ఆర్థోపెడిక్స్, నెఫ్రాలజీ, యూరాలజీ. బోర్డుల మీద తెలుగు లిపిలో రాసినా అవి తెలుగు మాటలు కావు, కువి మాటలు అసలే కావు. చిన్న తరగతులకు కువిలో, సవరలో, కోయలో వాచకాలు వచ్చాయి. ఓపీ కిటికీ దగ్గర మాత్రం ఆ భాషలు మాట్లాడే మనిషి దొరకడం అరుదు.

నేను టోకెన్‌ను తిట్టడం లేదు. టోకెన్ చాలా న్యాయమైన వస్తువు. మునసబుకైనా బారికికైనా వరసలో ఒకటే లెక్క. సిఫారసు లేనివాడికి అదే అండ. కానీ టోకెన్ ఇచ్చే సమానత్వం ఆ కిటికీ దగ్గర మొదలవుతుంది. మా ఊరి నుంచి ఆ కిటికీ దాకా ఉన్న దారిలో ఆ సమానత్వం ఉండదు. పట్నంలో ఉన్నవాడికి నలభై నాలుగో నంబరు వస్తే ఇంటికెళ్లి టీ తాగి వస్తాడు. మనకు అదే నంబరు వస్తే ఆఖరి బస్సు పోతుంది. ఒకే నంబరు, ఖరీదు మాత్రం వేరు.

ఇది నేను కొత్తగా కనిపెట్టిన విషయం కాదు. ప్రభుత్వం ఎప్పుడో ఒప్పుకున్నదే. మైదానంలో 5,000 జనాభాకు ఒక ఆరోగ్య ఉపకేంద్రం, 30,000 జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, 1,20,000 జనాభాకు ఒక సామాజిక ఆరోగ్య కేంద్రం ఉండాలని ప్రమాణం. కొండ ప్రాంతాలకు, గిరిజన ప్రాంతాలకు అవి 3,000, 20,000, 80,000గా నిర్ణయించారు. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ మొదలైనప్పుడు వెయ్యి జనాభాకు ఒక ఆశా అన్నారు. గిరిజన ప్రాంతాల్లో అవసరమైతే చిన్న గూడేనికి కూడా ఒక ఆశాను పెట్టుకోవచ్చన్నారు. ఈ అంకెల వెనక ఒక నీతి ఉంది. దూరంగా ఉన్నవాడికీ దగ్గరగా ఉన్నవాడికీ ఒకే కొలత వేయడం న్యాయం కాదు, దూరంగా ఉన్నవాడి వైపు వైద్యమే ఇంకొన్ని అడుగులు నడవాలి.

కోర్టు కూడా ఈ సంగతి చెప్పింది. 1992లో పశ్చిమ బెంగాల్‌లో వ్యవసాయ కూలీల సంఘం సభ్యుడొకరు రైలు నుంచి పడి తీవ్రంగా గాయపడ్డాడు. మంచం ఖాళీ లేదని ఒక చోట, ఆ వైద్యం తమ దగ్గర లేదని ఇంకో చోట, ఒక ప్రభుత్వ ఆసుపత్రి తర్వాత మరో ఆసుపత్రికి తిప్పారు. చివరికి ప్రైవేటు ఆసుపత్రిలో డబ్బు కట్టి వైద్యం చేయించుకున్నాడు. 1996లో సుప్రీంకోర్టు తీర్పు ఇస్తూ, సకాలంలో వైద్యం అందించకపోవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కును భంగపరచడమేనని చెప్పింది. డబ్బు లేదన్న సాకు చెల్లదని కూడా చెప్పింది. కాబట్టి ఆసుపత్రికి వెళ్లే మనిషి దయ అడగడానికి వెళ్లడం లేదు. మన యువత ఈ మాట గుర్తుంచుకోవాలి.

అయితే ఈ మాటతో నా సమస్య తీరిపోలేదు. దూరం ప్రభుత్వం తగ్గించాల్సిందే. కానీ ఆ రోజు డాక్టరు గదిలో అత్తకూ డాక్టరుకూ మధ్య ఉన్న దూరం రెండే అడుగులు. ఆ రెండడుగుల మధ్య నిలబడింది నేను.

మనవాళ్లు దిసారి దగ్గరికి ఎందుకు వెళ్తారు? మూఢనమ్మకం అని ఒక్క మాటతో కొట్టేస్తాం. నేను గమనించింది చెబుతాను. దిసారి రోగి ఇంటికి వస్తాడు, లేదా రాత్రి ఏ వేళ పిలిచినా తలుపు తీస్తాడు. కూర్చుంటాడు. ఎప్పుడు మొదలైంది, ఎవరితో మాటామాటా వచ్చింది, కలలో ఏం కనబడింది, తిండి సయిస్తోందా అని అంతా అడుగుతాడు. రోగి చెప్పేది చివరిదాకా వింటాడు. సంతలో సూది వేసే ఆయన కూడా అంతే. మన భాష మాట్లాడతాడు, పేరు పెట్టి పిలుస్తాడు, డబ్బు వచ్చే సంతకు ఇమ్మంటాడు. ఆ సూదిలో ఏముందో మనకు తెలియదు, చాలాసార్లు అది నొప్పిని కప్పెట్టి జబ్బును ముదరబెడుతుంది. అది ప్రమాదం. మలేరియా జ్వరానికి మంత్రం పనిచేయదు, రక్తం చుక్క తీసి చూడాల్సిందే. ఈ విషయంలో నేను మెత్తగా మాట్లాడను. కానీ వాళ్ల దగ్గర మనవాళ్లకు దొరికేది, మన దగ్గర దొరకనిది ఒకటుంది. అది వినే చెవి. ఆ చెవిని మనం ఇవ్వలేనప్పుడు వాళ్ల దగ్గరికి వెళ్లవద్దని చెప్పే హక్కు మనకు సగమే ఉంటుంది.

మా పక్క ఊరి దిసారి ఒకాయన ఉన్నాడు. చలిజ్వరమని ఎవరొచ్చినా "ముందు ఆశాతో రక్తం చూపించుకొని రా, తర్వాత నా పని నేను చేస్తాను" అంటాడు. ఆయన మాట మీద పరీక్ష చేయించుకున్నవాళ్లు నా మాట మీద చేయించుకున్నవాళ్లకంటే ఎక్కువ. ఆయన్ను మార్చింది తిట్లు కావు. పదేళ్ల క్రితం పీహెచ్‌సీలో పనిచేసిన ఒక డాక్టరు ఆయన ఇంటికి వెళ్లి, చాప మీద కూర్చొని, ఆయన చెప్పింది విని, తాను చెప్పింది వినిపించాడు.

మా అత్త కథలో నా తప్పు ఏమిటో మా బడిలోనే అర్థమైంది. అధికారి తనిఖీకి వచ్చి ఒక పిల్లను లేపి ప్రశ్న అడుగుతారు. పిల్ల ఆలోచిస్తుంటుంది. వెనక నుంచి మనం జవాబు అందిస్తాం. లేదా "దానికి వచ్చండీ, భయపడుతోంది" అంటాం. పిల్లను కాపాడుతున్నామనుకుంటాం. నిజానికి కాపాడుకునేది మన పరువు. డైట్‌లో శిక్షణ పొందేటప్పుడు మా మాస్టారు పదేపదే చెప్పేవారు, పిల్లవాడు జవాబు వెతుక్కునేంతసేపు నోరు మూసుకోవడం నేర్చుకోండి అని. నేను ఆ పాఠం తరగతి గదిలో కొంత నేర్చుకున్నాను. ఆసుపత్రి గదిలోకి వెళ్లేసరికి మరిచిపోయాను. తోడు వెళ్లినవాడు దారికి పెద్ద, రోగి మాటకు పెద్ద కాదు. ఒళ్లు ఎవరిదో మాట వాళ్లదే.

నా మాట మీద మూడు అభ్యంతరాలు వస్తాయని తెలుసు.

ఒకటి, "ఇలా తోడు తిరుగుతూ ఉంటే వాళ్లు ఎప్పటికి నేర్చుకుంటారు?" తోడు వెళ్లడానికీ, వాళ్ల పని మనం చేయడానికీ తేడా ఉంది. చీటీ నేనే రాయించి, డాక్టరుతో నేనే మాట్లాడి, మందులు నేనే తెస్తే ఎవరూ నేర్చుకోరు. కిటికీ దగ్గర ఆమెను ముందు నిలబెట్టి నేను వెనక నిలబడితే రెండోసారి ఆమె ఇంకొకరిని తీసుకురాగలదు.

రెండు, "ఇది ప్రభుత్వం చేయాల్సిన పని, మనం మీద వేసుకుంటే ప్రభుత్వం తప్పించుకోదా?" ఇందులో నిజముంది. రోగికి తోడుగా ఉండడానికే ఆశా ఉంది. ఏఎన్ఎం ఉంది. 108 బండి ఉంది. 2007లో ఆరోగ్యశ్రీ పేరుతో మొదలైన పథకం కింద పెద్దాసుపత్రుల్లో సాయానికి ఆరోగ్యమిత్ర బల్ల ఉంటుంది. పథకం పేరు మారినా ఆ బల్ల దగ్గరికి వెళ్లి అడగవచ్చు. వీళ్లను పనిచేయనివ్వడం, పనిచేయనప్పుడు గ్రామసభలో అడగడం మన బాధ్యత. కానీ ఈ రాత్రి జబ్బు చేసిన మనిషిని గ్రామసభ దాకా ఆగమనలేం. డోలీ మోస్తూనే రోడ్డు అడిగాం. ఇదీ అంతే.

మూడోది నిజంగా కష్టమైన ప్రశ్న. "టీచరు తోడు వెళ్తే బడి ఏం కావాలి?" మాది ఏకోపాధ్యాయ పాఠశాల. నేను ఒకరికి తోడు వెళ్లిన రోజు పద్దెనిమిది మందికి పాఠం ఉండదు. ఒకరి ప్రాణం ముందు ఒక రోజు పాఠం ఎంత అనిపిస్తుంది. కానీ అలాంటి రోజులు ఏడాదిలో ఇరవై, ముప్పై అయితే? ఆ పిల్లలకు చదువు రాకపోతే రేపు వాళ్ల తల్లులకు తోడు వెళ్లేదెవరు? దీనికి నా దగ్గర తేలిన జవాబు లేదు. నేను పెట్టుకున్న నియమం మాత్రం ఉంది. ప్రాణం మీదికి వస్తే, అంటే పాముకాటు, కాన్పు కష్టం, ఊపిరాడకపోవడం, స్పృహ తప్పడం లాంటివైతే, 108కు ఫోను చేయించి నేను కదులుతాను. మిగతా వాటికి ముందు ఆశాను పిలుస్తాను, నాకంటే తగిన తోడు ఎవరో చూస్తాను.

తగిన తోడు అన్నాను. అత్త తర్వాత నేను నేర్చుకున్నదంతా ఆ మాటలోనే ఉంది. ఇప్పుడు నేను పాటించేవి కొన్ని చెబుతాను, మీ అనుభవంతో సరిచూసుకోండి.

ప్రయాణానికి ముందు, ఇంట్లోనే, రోగిని ఒంటరిగా ఒక మాట అడుగుతాను. "నాకు చెప్పలేనిది ఏమైనా ఉంటే ఎవరికి చెప్పగలవు?" చెప్పమని బలవంతం చేయను. ఎవరి పేరు చెబితే వాళ్లనే తోడు పంపడానికి చూస్తాను. తోడును చదువును బట్టి కాదు, జబ్బును బట్టి, చుట్టరికాన్ని బట్టి ఎంచుకోవాలి. చదువు రాని చెల్లెలు కొన్నిసార్లు టీచరు మేనల్లుడికంటే మంచి తోడు. ఆమెకు చీటీ మీద రాసివ్వడం మనం చేయగలిగిన సాయం.

దగ్గరి మెట్టు వదిలి పై మెట్టుకు ఎగరను. ఆశా, ఉపకేంద్రంలోని ఏఎన్ఎం, పీహెచ్‌సీ డాక్టరు. మనకు వీళ్లు చిన్నగా కనిపిస్తారు, మైదానంలో పెద్ద బోర్డున్న ఆసుపత్రి గొప్పగా కనిపిస్తుంది. కానీ ఏ విభాగానికి వెళ్లాలో చెప్పగలిగేది వీళ్లే. ఉపకేంద్రంలోనే టెలీమెడిసిన్ ద్వారా డాక్టరుతో మాట్లాడించే వీలు చాలా చోట్ల వచ్చింది. పీహెచ్‌సీ రాసిచ్చిన చీటీ ఉంటే పెద్దాసుపత్రిలో మన మాటకు బలం వస్తుంది. మా అత్తను నాలుగు నెలల తర్వాత సరైన చోటికి చేర్చింది ఈ మెట్లే. నేను వాటిని దాటి పోబట్టే దారి తప్పాను.

డాక్టరు గదిలో జవాబు చెప్పను, మాట మార్చి చెబుతాను. ముందే డాక్టరుతో అంటాను, "ఆమెనే అడగండి, ఆమె చెప్పింది నేను తెలుగులో చెబుతాను" అని. ఆమె చెప్పనిది కలపను, చెప్పింది తగ్గించను. "ఇంకేమైనా ఉందా?" అని డాక్టరు అడిగితే లేచి బయటికి వెళ్తాను. భాష తెలియకపోతే ఆడ నర్సునో, మన భాష తెలిసిన ఇంకో రోగి బంధువునో ఆమె ఒప్పుకుంటేనే పిలుస్తాను.

తిరిగి వచ్చాక ఊరు అడుగుతుంది, ఏమన్నారు, ఏ జబ్బన్నారు అని. తోడు వెళ్లినవాడికి తెలిసిన సంగతి అతని సొత్తు కాదు. "బాగానే ఉంది, మందులిచ్చారు" అంటే చాలు. క్షయ విషయంలో, ఆడవాళ్ల జబ్బుల విషయంలో ఒక్కసారి మన నోరు జారితే ఆ ఊళ్లో ఇంకెవరూ మన తోడు కోరరు.

చివరిది, మళ్లీ రమ్మన్న తేదీ. మొదటిసారి ఊరంతా కదులుతుంది, రెండోసారి ఎవరూ కదలరు. మందు సగంలో ఆగేది అక్కడే. మా బడి గోడ మీది క్యాలెండరులో ఇప్పుడు సెలవులతో పాటు కొన్ని తేదీల చుట్టూ చిన్న చుక్కలు ఉంటాయి. పేర్లు ఉండవు. చుక్క ఎవరిదో నాకూ వాళ్లకూ తెలుసు.

మన ఆశ్రమ పాఠశాలల్లో, కళాశాలల్లో చదివే అమ్మాయిలకూ అబ్బాయిలకూ ఒక మాట. నెలసరి ఆగిన తర్వాత రక్తం కనబడితే, అది ఒక్క చుక్క అయినా, మామూలు అనుకోకూడదు. ప్రతిసారీ అది క్యాన్సర్ కాదు, కానీ కాదని తేల్చాల్సింది డాక్టరే. 30 ఏళ్లు దాటిన ఆడవాళ్లకు ఈ క్యాన్సర్‌ను ముందే పట్టుకునే పరీక్షలు ప్రభుత్వ ఆరోగ్య కార్యక్రమంలోనే ఉన్నాయి. ముందుగా పట్టుకుంటే నయమయ్యే జబ్బుల్లో ఇది ఒకటి. మీ అమ్మకు, పిన్నికి, అత్తకు ఈ సంగతి చెప్పే పని అమ్మాయిలది. వాళ్లు చెప్పడానికి వీలైన చోటు కల్పించి అవతలికి జరగడం అబ్బాయిల పని.

నేను ఐదో తరగతిలో ఇప్పుడు ఒక పాఠం చెబుతున్నాను, అది పుస్తకంలో లేదు. ఒక పిల్ల డాక్టరు, ఒక పిల్ల రోగి, ఒకడు తోడు. రోగి మూడు సంగతులు తనే చెప్పాలి. ఎక్కడ బాధ, ఎప్పటి నుంచి, ఇప్పటిదాకా ఏం మందు వాడింది. తోడు వచ్చినవాడు మధ్యలో మాట్లాడితే ఓడిపోయినట్టు. తోడు పాత్ర వేసినవాళ్లే ఎక్కువగా ఓడిపోతారు. పిల్లలు బాగా నవ్వుతారు.

ఈ మధ్య, పోయిన వానాకాలంలో, మా ఊరి దిసారి ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చాడు. మా అత్తకు మొక్కు చెప్పిన ఆయనే. డెబ్భై దాటిన మనిషి. చాలాసేపు కాఫీ తోటల సంగతి, వలిసెల ధర సంగతి మాట్లాడాడు. తర్వాత, "పంతులూ, నన్నొకసారి డాక్టరు దగ్గరికి తోలుకెళ్లాలి" అన్నాడు. నేను సంచి సర్దడానికి లేవబోయి మళ్లీ కూర్చున్నాను. "నాకు చెప్పలేనిది ఏమైనా ఉంటే ఎవరికి చెప్పగలవు తాతా?" అని అడిగాను. ఆయన కొంచెంసేపు నేల చూశాడు. ఊళ్లో అందరి రహస్యాలూ విన్న మనిషికి తన రహస్యం చెప్పుకోవడం కష్టంగా ఉంది. "మా చిన్న మనవడికైతే చెప్తాను" అన్నాడు.

మనవడు పదో తరగతి తప్పి తోట పని చేసుకుంటున్న కుర్రాడు. ఆసుపత్రి ముఖం ఎప్పుడూ చూడలేదు. ఆ రాత్రి వాణ్ణి కూర్చోబెట్టి, ముందు పీహెచ్‌సీ, అక్కడి చీటీ, తర్వాత బస్సు, కిటికీ, టోకెన్, ఆరోగ్యమిత్ర బల్ల అన్నీ వరసగా కాగితం మీద రాసిచ్చాను. డాక్టరు తాతను అడిగితే తాతనే చెప్పనివ్వమన్నాను. తెల్లవారి ఇద్దరూ మొదటి జీపు ఎక్కారు. నేను బడికి వెళ్లాను.